రెండు చోట్ల పెట్టిన సంతకం

పోయిన మార్చిలో రిటైరయ్యాను. నా కుర్చీలో ఇప్పుడు హారిక అనే అమ్మాయి కూర్చుంది. ఇరవై ఏడేళ్ళు, చురుకైన పిల్ల, ఎదుటి మనిషి వయసు చూసి మాట తగ్గించే రకం కాదు. ఫైళ్ళు, పాస్‌వర్డ్‌లు, కాలేజీల జాబితాలు, ఏ కాలేజీ పేదపిల్లలకి ఎంత ఎయిడ్, అంటే డబ్బు సాయం, ఇస్తుందన్న వివరాలు అన్నీ అప్పజెప్పాను. ఓ గంట సేపు తిరగేసి, "ఇవన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నవే కదా మేడమ్. అందులో లేనివేంటో చెప్పండి" అంది. అప్పటికి నవ్వేసి వచ్చేశాను. ఇంటికొచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను. హారికతో పాటు ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళందరూ చదువుకోండి.

రాజమండ్రి శివార్లలో ఓ రెసిడెన్షియల్ స్కూల్లో పదకొండేళ్ళు కౌన్సిలర్‌గా చేశాను. ప్లస్ టూ అవగానే అమెరికాలో డిగ్రీ చదవాలనుకునే పిల్లల చేత అప్లికేషన్లు పెట్టించడం నా పని. డబ్బున్న ఇంటి పిల్లల పని ఎవరైనా చూడగలరు. ఫీజు కట్టలేని పిల్లకి, ఆ కాలేజీ వాళ్ళే చదువుకీ తిండికీ పెట్టుకుని చదివించేలా సీటు తేవడం, అదీ అసలు ఉద్యోగం. కొన్ని తెచ్చాను. వాటి ఫోటోలు స్కూలు గోడ మీద ఉన్నాయి, వెళ్ళి చూసుకోండి. ఒకటి పోగొట్టాను. దానికి ఫోటో లేదు కాబట్టి నేనే చెప్పాలి.

ఆప్షన్ల మేడమ్

స్కూలుకి రాకముందు ఇరవై రెండేళ్ళు దానవాయిపేటలో ఓ జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. ఇంగ్లీషు చెప్పినందుకు నన్ను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఎంసెట్ ర్యాంకులు వచ్చాక మాత్రం మా వీధి అరుగు నిండా చెప్పులే. కౌన్సిలింగ్‌లో ఏ కాలేజీ ముందు పెట్టాలి, ఏది వెనక పెట్టాలి అని ఆ వరస కట్టించడంలో నాది అందె వేసిన చెయ్యి. అక్కడ సూత్రం ఒక్కటే, ఎన్ని ఆప్షన్లు పెడితే అంత మంచిది. ఒక్కో పిల్లాడి చేత నూటయాభై పెట్టించిన రోజులున్నాయి. రానివి వాటంతటవే రాలిపోతాయి, ఎందుకు పెట్టావని అడిగే నాథుడుండడు. పక్కింటి సుబ్బలక్ష్మి గారు నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "ఆప్షన్ల మేడమ్" అనేవారు.

ఆ పేరు విని స్కూలు చైర్మన్ గారు స్వయంగా మా ఇంటికొచ్చారు. "ఎంసెట్ ఆప్షన్లు ఇన్ని వేలు పెట్టించిన చెయ్యండి మీది. అమెరికా ఆప్షన్లు ఓ లెక్కాండి మీకు?" అన్నారు. నేనూ పొంగిపోయాను. లెక్కేం కాదనుకున్నాను. నా బొంద! బోడిగుండుకీ మోకాలికీ ముడి పెడుతున్నానని చెప్పేవాళ్ళెవరూ అప్పుడు నా పక్కన లేరు. ఉన్నా వినేదాన్ని కాదులెండి.

చైర్మన్ గారి గురించి ఒక మాట చెప్పాలి. చెడ్డమనిషి కాదు. చుట్టుపక్కల మిల్లుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలకి పరీక్ష పెట్టి ఏటా కొన్ని సీట్లు పూర్తిగా ఉచితంగా ఇచ్చేవారు. ఇచ్చినట్టు పది ఊళ్ళకి తెలియాలనేవారు, అంతే. మీకూ ఇలాంటి పెద్దమనిషే దొరుకుతాడు. ఆయన మంచితనాన్ని గౌరవించండి, ఆయన తొందరని మాత్రం మీ నెత్తికెత్తుకోకండి. నేను ఎత్తుకున్నాను.

వినయవిధేయతలు

ప్రసన్న ఆ ఉచిత సీటులోనే ఎనిమిదో తరగతిలో చేరింది. వాళ్ళది మండపేట. తండ్రి సత్తిబాబు ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్‌లోకి ఊక ఎగదోసేవాడు. తల్లి వెంకటలక్ష్మి అదే మిల్లు కళ్ళంలో ధాన్యం ఎండబోసేది. పిల్ల సన్నగా, రెండు జడలతో, అడిగితే గాని మాట్లాడదన్నట్టు కనిపించేది. అలా కనిపించేది గానీ, ఆ పిల్ల సంగతి వేరు.

లెక్కల మాస్టారు సుబ్బారావు గారిని ఆ పిల్లకి సిఫార్సు ఉత్తరం రాయమన్నాను. మర్నాడే తెచ్చిచ్చారు. "వినయవిధేయతలు కలది, క్రమశిక్షణ గలది, ఎదురు మాట్లాడదు" అని ఇంగ్లీషులో రాశారు. అంతకుముందు పదిమందికీ ఇదే రాశారు. ఓ అబ్బాయి ఉత్తరంలో 'ఆమె' అని కూడా ఉండిపోయింది.

"మాస్టారూ, ఎదురు మాట్లాడదంటే అక్కడ అది గొప్ప కాదండీ. ఈ పిల్ల చేసిన పని ఒక్కటి చెప్పండి" అన్నాను.

ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఒకటుందండి. కానీ రాస్తే నా పరువేం కానండి?"

"ఏంటది?"

"బోర్డు మీద నేను తప్పు చేశానండి. నలభై మందిలో ఎవడూ కనిపెట్టలేదు. ఈ పిల్ల కనిపెట్టి, క్లాసులో నోరెత్తకుండా, స్టాఫ్ రూముకొచ్చి నోట్సు చూపించి, 'నాకే అర్థం కాలేదేమో చూడండి సార్' అందండి. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు బోర్డు మీద నేనే దిద్దుకున్నానండి."

"అదే రాయండి" అన్నాను. రెండు రోజులు గుంజాటన పడి రాశారు. నేను పనిచేసిన పదకొండేళ్ళలో మా స్కూలు నుంచి వెళ్ళిన ఉత్తరాల్లో అంత మంచిది ఇంకొకటి లేదు. ఉత్తరంలో పొగడ్తలు వద్దు, జరిగింది ఒక్కటి ఉండాలి. ఇది మీరు రాసిపెట్టుకోండి.

ప్రసన్నకి లెక్కలూ ఇష్టమే, చరిత్రా ఇష్టమే. మన దగ్గర పదో తరగతి కాగానే ఏదో ఒకటి వదిలెయ్యాలి. "అక్కడ రెండేళ్ళు రెండూ చదివి, తర్వాత తేల్చుకోవచ్చంటండి మేడమ్" అనేది. ఆ పిల్ల కోరికల్లా అంతే. బిల్డింగులూ మంచూ ఎప్పుడూ అడగలేదు.

ఒక్కదానికేనాండి?

ప్రసన్న చేత ఎర్లీలో పెట్టించాలనుకున్నాను. ఎర్లీ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అందరికంటే ముందు, నవంబరు మొదట్లోనే అప్లై చెయ్యడం. అందులో కట్టుబడి ఉండే రకం ఒకటుంది. "మీరు సీటిస్తే మీ దగ్గరే చేరతాను, మిగతావన్నీ వదులుకుంటాను" అని రాసివ్వాలి. అలా ఒక్క కాలేజీకే రాసివ్వాలి. దాని మీద పిల్ల, తల్లో తండ్రో, స్కూలు కౌన్సిలరు, ముగ్గురూ సంతకం పెట్టాలి. డిసెంబరులో ఫలితం. ఇచ్చిన ఎయిడ్ చాలకపోతే మాత్రం తప్పుకోవచ్చు. ఎయిడ్ అడిగే విదేశీ పిల్లలకి చాలా కాలేజీల్లో సందు చిన్నది. ముందుగా మాటిచ్చిన పిల్లకి కొన్నిచోట్ల ఆ సందు కాస్త వెడల్పవుతుంది. డబ్బున్నవాళ్ళకి ఇదో సుళువు. లేనివాళ్ళకి మాత్రం తమ దగ్గరున్న ఒకే ఒక్క మాటని ఖర్చు పెట్టడం.

అక్టోబరులో చైర్మన్ గారు పిలిచారు. "రెండు చోట్ల పెట్టించెయ్యండి మేడమ్. ఒకటి తప్పితే ఒకటి. జనవరిలో మన అడ్మిషన్లు మొదలవుతాయి. ఆలోగా బోర్డు మీద ఒక్క ఫోటో అన్నా ఉండాలండి" అన్నారు. ఒక కాలేజీకి అందరూ వాడే పోర్టల్‌లో పెట్టాం. రెండోది తన సొంత ఫారం తీసుకునే కాలేజీ. రెండూ ఒకే పోర్టల్‌లో కాదు కాబట్టి కంప్యూటరు అడ్డం చెప్పలేదు.

సంతకాలకి సత్తిబాబునీ వెంకటలక్ష్మినీ పిలిపించాను. పొద్దున్న షిఫ్టు దిగి, స్నానం చేసి వచ్చాడు. అయినా కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. కాగితంలో ఏముందో కూతురు చదివి చెబుతుంటే కదలకుండా విన్నాడు.

"ఒక్కదానికే రాసిచ్చేదేనాండి ఇది?" అన్నాడు.

"అవునండి."

"మరి కాగితాలు రెండున్నాయేంటండి?"

"రెండు చోట్ల పెడుతున్నాం. ఏది వస్తే అది."

"రెండూ వస్తేనండి?"

"రెండూ వస్తే పండగే కదా సత్తిబాబు గారూ!"

మెడ రుద్దుకున్నాడు. "తప్పుగా అనుకోకండి మేడమ్ గారూ. ఒకళ్ళ దగ్గర తాంబూలాలు పుచ్చుకుని, తెలీకుండా ఇంకోళ్ళ దగ్గర కూడా పుచ్చుకున్నట్టు అవ్వదాండి?"

నేను పకపకా నవ్వాను. వెంకటలక్ష్మి మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "ఊరుకో, మేడమ్ గారికి తెలీదేంటి! చదువుకున్నోళ్ళకి నువ్వు చెప్పేదేంటి? పెట్టు సంతకం."

"ఇది పెళ్ళి కాదండీ బాబూ, ఆప్షన్" అన్నాను.

ప్రసన్న నెమ్మదిగా, "మేడమ్, ఇందులో ఒక్క కాలేజీకే అని ఉందండి" అంది.

"అవన్నీ ఫార్మాలిటీలమ్మా" అన్నాను.

సత్తిబాబు తెలుగులో, కూడబలుక్కుని, రెండు కాగితాల మీదా సంతకం చేశాడు. తర్వాత నేను చేశాను.

ఆ వాక్యం నేను సరిగ్గా చదవలేదని చాన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. చదివాను. మా నాన్నగారు గెజిటెడ్ ఆఫీసరు. ఆదివారం పొద్దున్న ఇంటికొచ్చిన ప్రతివాడి జిరాక్సు మీదా ఒరిజినల్ చూడకుండానే 'ట్రూ కాపీ' అని సంతకం పెట్టేవారు. ఒరిజినల్ అడిగితే వచ్చినవాళ్ళు "మా మీద నమ్మకం లేదాండి" అని నొచ్చుకునేవాళ్ళు. మన దగ్గర సంతకం పెట్టడమంటే ఒక సాయం. దాని పైన ఏం రాసుందో అడగడం మర్యాద కాదు. నేను అందులోనే పుట్టి పెరిగాను. ఎక్కడి కాలేజీ ఎక్కడి కాలేజీ, ఎవడు చూడొచ్చాడులే అనుకున్నాను. బాయిలర్ దగ్గర పనిచేసే మనిషి ఒక్కసారి వినగానే పట్టుకున్న విషయాన్ని, ఎం.ఏ. చదివిన నేను నవ్వి కొట్టిపారేశాను.

కాజాలు

డిసెంబరు మధ్యలో మొదటి కాలేజీ నుంచి కబురొచ్చింది. సీటు, ఫీజు, తిండి, హాస్టలు, ఆఖరికి విమానం టిక్కెట్టు కూడా వాళ్ళదే. ప్రసన్న స్క్రీను వంక చూస్తూ రెండు చేతులతో నోరు మూసుకుంది. సాయంత్రానికి సత్తిబాబు తాపేశ్వరం కాజాల బుట్ట పట్టుకొచ్చి, వాచ్‌మన్ దగ్గర్నుంచి చైర్మన్ గారి దాకా అందరికీ తనే పంచాడు. మర్నాటికల్లా స్కూలు ముందు పిల్ల ఫోటోతో బోర్డు లేచింది.

నాలుగు రోజులకి రెండోది కూడా వచ్చింది. ఎంసెట్‌లో అయితే, అక్కర్లేని సీటు వెంటనే వదిలెయ్యమని పిల్లలకి చెప్పేదాన్ని, ఇంకో పిల్లాడికైనా దక్కుతుందని. ఇక్కడా అదే పుణ్యం మూటకట్టుకోబోయాను. రెండో కాలేజీకి నా చేత్తోనే మెయిల్ రాశాను. "మా విద్యార్థినికి మరొక కాలేజీలో ఎర్లీలో సీటు వచ్చింది. దయచేసి ఈ సీటు ఇంకొకరికి ఇవ్వగలరు" అని, ఆ కాలేజీ పేరు కూడా గర్వంగా రాశాను. ఎంత తెలివితక్కువ పని చేస్తున్నానో తెలియకుండా, పైగా సంతోషంగా రాశాను చూడండి!

రెండోవాళ్ళు మొదటివాళ్ళకి రాశారు. మొదటివాళ్ళు మాకు రాశారు. మాట్లాడాలన్నారు.

ఏడు గంటల కాల్

సాయంత్రం ఏడింటికి, చైర్మన్ గారి గదిలో వీడియో కాల్. ఒక పక్క ప్రసన్న, ఇంకో పక్క చైర్మన్ గారు, మధ్యలో నేను. కాలేజీ తరఫున మాట్లాడినావిడ నా వయసు మనిషే. గొంతు పెంచలేదు. రెండు కాగితాలూ తెర మీద పక్కపక్కన పెట్టింది.

"ఈ రెండు సంతకాలూ మీవేనా?"

"అవును."

"ఒక్క కాలేజీకే అన్న వాక్యం చదివారా?"

ఇక్కడ నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. చదివాను, తప్పు నాది, పిల్ల ఆ వాక్యం ఎత్తి చూపినా నేనే పెట్టించాను. మూడు ముక్కలు. చైర్మన్ గారు బల్ల కింద కాలితో నా కాలు తట్టారు. తట్టకపోయినా నేను అదే చేసేదాన్నేమో, ఆయన మీదకి తోసెయ్యను.

"విద్యార్థిని కుటుంబం గట్టిగా పట్టుబట్టింది. పేదవాళ్ళు. నేను కాదనలేకపోయాను" అన్నాను.

ఆవిడ ప్రసన్న వైపు తిరిగి, "నిజమేనా?" అని అడిగింది.

ప్రసన్న నా వంక ఒక్కసారి చూసింది. అందులో కోపమేమీ కనిపించలేదు. సుబ్బారావు గారు చెప్పినట్టు, తనకే అర్థం కాలేదేమో అని సరిచూసుకుంటున్నట్టు చూసింది. తర్వాత తెర వంక తిరిగి, "యెస్ మేడమ్" అంది.

జనవరి రెండో వారంలో రెండు కాలేజీలూ సీట్లు రద్దు చేశాయి. మిగతా కాలేజీల గడువులు అప్పటికే దాటిపోయాయి. సీటు వచ్చేసిందన్న ధీమాతో ఇంకొక్కటి కూడా పెట్టించలేదు నేను. నూటయాభై ఆప్షన్లు పెట్టించే మనిషిని!

బోర్డు దింపించారు. చైర్మన్ గారు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. సత్తిబాబు ఒకసారి వచ్చాడు. తిడతాడని సిద్ధపడి కూర్చున్నాను. "మా ప్రాప్తం అంతేనండి. మీరు మాత్రం ఏం చేస్తారండి" అన్నాడు. తిట్టినా బాగుండేది. నిలదీసి అడిగినా బాగుండేది.

ప్రసన్న ఎంసెట్ రాసి కాకినాడలో ఇంజనీరింగులో చేరింది. "బాగానే ఉందిగా, ఇంకేంటి?" అంటారు స్టాఫ్ రూములో. బాగానే ఉంది. చరిత్ర పుస్తకాలు ఎవరికో ఇచ్చేసిందట. ఆ పిల్ల అడిగిన చదువు అది కాదు, అంతే.

ఆలస్యంగా రాసిన ఉత్తరం

ఆ తర్వాత మూడేళ్ళలో మా స్కూలు నుంచి ఇద్దరు పిల్లలకి అదే మొదటి కాలేజీలో ఎయిడ్‌తో సీటు వచ్చింది. నా పనితనమే అనుకున్నాను. తప్పు దిద్దుకున్నాను, వాళ్ళూ మర్చిపోయారు అనుకుని గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాను.

రిటైరయ్యే నెలలో మాత్రం మనసు ఊరుకోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, ఆ కాలేజీకి అంతా రాశాను. పట్టుబట్టింది కుటుంబం కాదు, నేను. తండ్రి అభ్యంతరం చెప్పాడు, నేను నవ్వాను. పిల్ల వాక్యం చూపించింది, ఫార్మాలిటీ అన్నాను. కాల్‌లో అబద్ధమాడాను. ఇవన్నీ రాసి, సంతకం పెట్టి, పంపించాను.

పది రోజులకి, ఆనాడు కాల్‌లో మాట్లాడినావిడే జవాబు రాసింది. నా ఉత్తరాన్ని ప్రసన్న ఫైలులో చేర్చామంది. అదే ఫైలులో ఇంకో ఉత్తరం ఉందంది. సీటు రద్దయిన వారంలో ప్రసన్న రాసిందట. తప్పు పూర్తిగా తనదేననీ, దీన్ని బట్టి తన స్కూలునీ, తర్వాత అప్లై చేసే పిల్లల్నీ తక్కువగా చూడవద్దనీ కోరిందట. "ఆమె కోరినట్టే చేశాం" అని రాసింది ఆవిడ.

గోడ మీద ఆ ఇద్దరి ఫోటోలూ ఎవరి చలవో అప్పటికి తెలిసింది నాకు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఏప్రిల్‌లో ప్రసన్నకి ఫోన్ చేశాను. ఇంజనీరింగు ఆఖరి ఏడు. గొంతు పెద్దదైంది. క్షమించమన్నాను. ఉత్తరం సంగతి అడిగాను.

"ఎందుకు రాశావమ్మా అలా? నిజం రాసుంటే నీ సీటు నిలబడేదేమో కదా!"

"మీరు అప్పటికే వాళ్ళతో ఒకటి చెప్పేశారు కదండీ మేడమ్. నేను ఇంకోటి చెబితే మీ మాట అబద్ధమని తేలిపోతుందండి. ఆ తర్వాత మీరు సంతకం పెట్టిన పిల్లల్ని ఎవరు నమ్ముతారండి? నా వెనక క్లాసులో ఇద్దరున్నారు కదండి."

పదిహేడేళ్ళ పిల్లకి, ఆ గదిలో, ఆ ఒక్క చూపులో అంతా అర్థమైంది. సంతకానికి విలువేమిటో ఆ గదిలో తెలిసినది దానికొక్కదానికే. నేను ఫోన్‌లోనే ఏడ్చాను. నా ఏడుపు ఆగే దాకా తను ఫోన్ పెట్టెయ్యలేదు.

మాట మార్చడానికి, చెల్లెలు ఏం చదువుతోందని అడిగాను.

"పది పరీక్షలు రాసిందండి. మంచి మార్కులే వస్తాయండి. మీ స్కూల్లో మళ్ళీ ఉచిత సీటు ఇస్తామన్నారంటండి. నాన్న వేద్దామన్నాడు. నేనే వద్దన్నానండి."

"ఎందుకమ్మా?"

"మీరింకా అక్కడే ఉన్నారనుకున్నానండి మేడమ్."

అందులో దెప్పిపొడుపు ఏమీ లేదు, అడిగాను కాబట్టి చెప్పింది. రిటైరయ్యానని చెప్పాను. హారిక నంబరు ఇచ్చాను. మంచి పిల్ల, కాగితం చదవకుండా సంతకం పెట్టదు అని చెప్పాను.

"సరేనండి. నాన్నతో మాట్లాడి చూస్తానండి" అంది.

ఇది రాసేనాటికి హారికకి ఇంకా ఫోన్ రాలేదు.